మూడో పాయింటు దగ్గర కింగ్‌లెట్లు

ఫారెస్ట్ రిజర్వ్ వాళ్ళు ఇచ్చే పక్షుల లెక్క ఫారం ఒకటే పేజీ. పైన తేదీ, వాతావరణం, మొదలుపెట్టిన సమయం. వరుసగా పక్షుల పేర్లు, వాటి పక్కన ఎనిమిది గడులు. కాలిబాట మీద ఎనిమిది చోట్ల ఆగాలి కాబట్టి ఎనిమిది. అన్నిటికన్నా అడుగున రెండు సంతకాలకు చోటు. ఒకటి కౌంటర్‌ది, అంటే పక్షుల్ని విని, చూసి, లెక్క చెప్పే మనిషిది. రెండోది రికార్డర్‌ది, అంటే చెప్పింది రాసుకునే మనిషిది. రెండు వసంతాలు నేను ఆ రెండో చోట సంతకం పెట్టాను.

నియమాలు ఫారం వెనక ఉంటాయి. నాకు కంఠతా వచ్చు. తెల్లవారిన అరగంటలోపు మొదలుపెట్టాలి. ప్రతి పాయింటు దగ్గర ఐదు నిమిషాలు కదలకుండా నిలబడాలి. కౌంటర్ విన్నదీ చూసిందీ మాత్రమే లెక్క. రికార్డర్ రాయాలి, మాట్లాడకూడదు, చూపించకూడదు, గుర్తు చేయకూడదు. ఈ చివరిది మొదట్లో నాకు విడ్డూరంగా తోచింది. రెండు జతల చెవులు ఉండగా ఒక జతను వదులుకోవడం ఏమిటి? తర్వాత అర్థమైంది. నిరుడు ఒకరి చెవులతో, ఈ ఏడు ఇద్దరి చెవులతో లెక్కపెడితే, పెరిగింది పక్షులో చెవులో ఎవరికీ తెలియదు. కొలిచే బద్ద మారకూడదు. ఆఫీసులో నేను చేసేది డేటా పనే. ఈ మాట నాకు ఎవరూ రెండోసారి చెప్పనక్కరలేదు. అయినా తప్పు చేసింది నేనే.

అప్పటికి నేను అమెరికాలోని రెడ్‌మండ్ వచ్చి రెండేళ్ళు. ఆఫీసు, అపార్ట్‌మెంట్, ఇండియన్ స్టోర్, ఈ మూడిటి మధ్యే నా కారు తిరిగేది. ఒక శనివారం ఏమీ తోచక కొండల వైపు డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి ఆ రిజర్వ్ దగ్గర ఆగాను. అక్కడి సీడర్ చెట్లను తెలుగులో దేవదారులు అనవచ్చునేమో గానీ హిమాలయాల దేవదారు వేరు, ఇది వేరు. బెరడు కొబ్బరి పీచులా పోగులు పోగులుగా ఊడి వస్తుంది. మొదలు చుట్టూ చేతులు చాచాలంటే నలుగురు కావాలి. వాన ఆగాక కూడా అరగంట పాటు చెట్టు కింద కురుస్తూనే ఉంటుంది. బాట మొదట్లో నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించి ఉంది: ‘పక్షుల లెక్కకు రికార్డర్ కావాలి. చేతిరాత అర్థమయ్యేలా ఉండాలి. మౌనంగా ఉండగలగాలి.’ నాకు రెండు అర్హతలూ ఉన్నాయి. ఫోన్ తీసి అక్కడే ఈమెయిల్ పెట్టాను.

మొదటి రోజు పార్కింగ్ దగ్గర రెయిన్ జాకెట్, ఉన్ని టోపీ వేసుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. చేతిలోని కాగితం మీద నా పేరు చూసుకుని నన్ను చూశారు.

“తెలుగా?”

“అవునండీ.”

“ఏ ఊరు?”

“కరీంనగర్.”

“మాది తెనాలి. పెన్సిల్ తెచ్చావా, పెన్ను తెచ్చావా?”

“పెన్ను.”

“ఇక్కడి వానకి నీ పెన్ను రాత కరిగి కాళ్ళ దాకా కారుతుంది. ఇదిగో, ఇది పట్టు.”

ఆయన గుండె డాక్టర్. మా నాన్న బడికి వెళ్ళే రోజుల్లో ఈ దేశం వచ్చి, నలభై ఏళ్ళు గుండె చప్పుళ్ళు విని రిటైరయ్యారు. ఆ కాలిబాట మీద ఆయన లెక్క చెప్పడం అది ఇరవై ఒకటో వసంతం. నేను “డాక్టర్ గారూ” అనబోతే ఆపేశారు. “ఇక్కడ నా పేషెంట్లు ఎవరూ లేరయ్యా. అంకుల్ అంటే చాలు.”

ప్రతి వసంతంలో మూడు ఉదయాలు లెక్క. పాయింటు దగ్గర నిలబడగానే అంకుల్ కర్రను చంకలో పెట్టుకుని కళ్ళు సగం మూసేవారు. పక్షి పేరు పెదవులతో మాత్రమే పలికి, వేళ్ళతో ఎన్నో చూపేవారు. ఐదు నిమిషాలు కాగానే నా జేబులో ఫోన్ వణికేది. నేను ఆయన మోచేయి తాకేవాణ్ణి. అప్పుడు పాఠం మొదలయ్యేది. “ఇందాక గొలుసు లాగినట్టు ఆగకుండా పాడిందే, అది రెన్. బొటనవేలంత ఉండదు, ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో నాకు ఇన్నేళ్ళయినా అంతు పట్టలేదు. ఈల వేసినట్టు ఒకే స్వరం లాగి వదిలేసింది థ్రష్.” నాలుగో పాయింటు దగ్గర పడిపోయిన ఒక సీడర్ మాను ఉంది. దాని మీద కూర్చుని ఆంటీ కట్టిచ్చిన పులిహోర తిని, ఫ్లాస్క్‌లో కాఫీ తాగేవాళ్ళం. నా జీవితంలో ఎవరూ నాకు ఏమీ ఆశించకుండా అంత ఓపికగా ఏదీ నేర్పలేదు. ఆ మాట అప్పుడే చెప్పాల్సింది.

ఆ మాను మీద కూర్చునే ఒకసారి అన్నారు. “ఇక్కడ ఇంకో చిన్న పిట్ట ఉండేది. కింగ్‌లెట్. నెత్తి మీద పసుపు గీత. మూడో పాయింటు దగ్గర పెద్ద సీడర్ ఉంది చూడు, దాని చివళ్ళలో గుంపులు గుంపులుగా ఉండేవి. ఇప్పుడు లేవు.”

“ఎక్కడికి పోయాయి అంకుల్?”

“తెలిస్తే ఇంత బాధ ఎందుకు?”

లెక్క జరిగిన ప్రతిసారీ ఆదివారం ఆయన ఫారాన్ని ఒక నోటుబుక్‌లోకి నీటుగా ఎక్కించేవారు. కింగ్‌లెట్ వరుస నాకు చూపించారు. పన్నెండు, తొమ్మిది, ఏడు, నాలుగు, రెండు. చివరి మూడేళ్ళూ సున్నా. ఎండలు ముదిరి పిట్టలు కొండ పైకి వెళ్ళిపోయాయని ఆయన అనుమానం. రిజర్వ్ మేనేజర్‌కి ఉత్తరం రాశారు. ఆవిడ వచ్చే ఏడు వేసవి చివర బాట మొదట్లో ఒక బోర్డు పెట్టిస్తానన్నారు, ఈ అడవి నుంచి వెళ్ళిపోతున్న పక్షి అని.

ఆ చలికాలం నేను ఇంట్లో కూర్చుని పక్షుల కూతలు నేర్చుకున్నాను. నలభై ఒక్క పక్షులు, ఒక్కోదానికి ఇరవై రికార్డింగులు, రోజూ బస్సులో పరీక్ష, వారం వారం మార్కులు. కింగ్‌లెట్ జాబితాలో ముప్ఫై మూడోది. సూది మొనతో గాజు మీద గీసినట్టు సన్నగా మూడు నాలుగు సార్లు ‘సీ, సీ, సీ’.

రెండో వసంతం, మొదటి ఉదయం, మూడో పాయింటు. తలెత్తకుండానే విన్నాను. పైన ఎక్కడో, సన్నగా. అంకుల్ వేళ్ళ వైపు చూశాను. కదల్లేదు. మళ్ళీ వినపడింది. ఆయన పెదవులు “రెన్, ఒకటి” అన్నాయి. రాశాను. ఐదో పాయింటు దగ్గరా అంతే.

తప్పు నాదే అనుకున్నాను. ఆ పై శనివారం ఒక్కణ్ణే వెళ్ళి ఆ సీడర్ కింద నిలబడి ఫోన్‌లో రికార్డ్ చేసి, ఇంటికి వచ్చి కంప్యూటర్ మీద గ్రాఫ్ వేశాను. వాన చప్పుడు అడుగున బూడిదరంగు మసక. చాలా పైన, బాగా సన్నని స్వరాలు పడే ఏడు కిలోహెర్ట్జ్ దగ్గర, వరుసగా చిన్న చిన్న గీతలు. అవి అక్కడే ఉన్నాయి.

మర్నాడు అంకుల్ ఇంట్లో భోజనం. వడ్డిస్తూ ఆంటీ మొదలుపెట్టారు.

“మీ అంకుల్‌కి మొన్న జ్వరం వచ్చింది బాబూ. థర్మామీటర్ నోట్లో పెట్టుకుని కూర్చున్నారు. అది పీ పీ అని మొత్తుకుంటోంది, ఈయన కదలరు. నేను వంటింట్లోంచి వచ్చి లాగాను. పాడైంది, మోగట్లేదు, కొత్తది కొనాలంటారు.”

“అది నిజంగానే పాడైంది,” అన్నారు అంకుల్.

“మోగుతున్నది పాడవలేదు, వింటున్నది పాడైంది.”

“ఈవిడ గుండెలో చీమ నడిచినా నేను చెప్పగలను. నా చెవుల గురించి ఈవిడ చెప్తుంది.”

అందరం నవ్వాం. నాకు మూడో పాయింటు గుర్తొచ్చింది. గుండె చప్పుడు మంద్రం. కింగ్‌లెట్ ఆ చివర ఉన్న తారస్థాయి. వయసు మొదట కొట్టేది ఆ చివరనే. ఆయన గుండెలు వినగలరన్నది నిజం. కింగ్‌లెట్లు వినలేరన్నదీ నిజం.

చెప్పాలి. ఎలా? మా తాతకి చూపు తగ్గాక పేపర్లో నిన్నటి వార్తే మళ్ళీ పైకి చదివితే ఇంటిల్లిపాదీ కొత్తగా విన్నట్టే ఊకొట్టేవాళ్ళం. పెద్దవాళ్ళ తప్పును ఎత్తిచూపడం మా ఇంట్లో లేదు, దాని చుట్టూ సర్దుకోవడమే ఉంది. రెండో లెక్క రోజున నేను అదే చేశాను. మూడో పాయింటు గడిలో నాలుగు, ఐదో దాంట్లో మూడు, ఆరో దాంట్లో రెండు కింగ్‌లెట్లు రాసేశాను, అంకుల్ చెప్పినట్టుగా. కారణాలు కూడా వరుసగా పేర్చుకున్నాను. పిట్టలు నిజంగా ఉన్నాయి. బోర్డు మీద అబద్ధం పడదు. అంకుల్ మనసు నొచ్చుకోదు. మూడూ నిజమే. రాసింది మాత్రం దొంగ లెక్క. ఫారం మడిచి ఆయన చేతిలో పెట్టాను. ఆయన చూడకుండానే సంతకం పెట్టి జేబులో వేసుకున్నారు.

మూడో ఉదయం నేను వెళ్ళేసరికే ఆయన పార్కింగ్‌లో ఉన్నారు.

“ఆదివారం నోటుబుక్‌లో ఎక్కిస్తున్నాను. మూడో పాయింటు దగ్గర కింగ్‌లెట్లు నాలుగు అని ఉంది.”

“అవునంకుల్.”

“నేను చెప్పానా?”

“చెప్పారంకుల్.” ఆలోచించే లోపే నోట్లోంచి వచ్చేసింది.

“ఏ చెయ్యి చూపించాను?”

నేను పెన్సిల్ కోసం జేబులు తడుముకున్నాను.

“ఆ పిట్ట కోసం నాలుగేళ్ళుగా చెవులు రిక్కించి నిలబడుతున్నానయ్యా. అది దొరికితే నాకు గుర్తుండదా? ఆ రోజు ఇంటికెళ్ళి మీ ఆంటీకి స్వీట్ చేయమని చెప్పనా?”

నేను అంతా చెప్పాను. మొదటి ఉదయం విన్న సంగతి, ఒంటరిగా వచ్చి రికార్డ్ చేసిన సంగతి, గ్రాఫ్ సంగతి. థర్మామీటర్ సంగతి చెప్పలేదు, ఆయనకు అక్కర్లేకపోయింది.

“నడు,” అన్నారు.

మొదటి రెండు పాయింట్లు ఆగకుండా దాటేశాం. మూడో పాయింటు దగ్గర నన్ను పెద్ద సీడర్ వైపు తిప్పి నిలబెట్టి, తాను నాకు ఎదురుగా నిలబడ్డారు. “క్లినిక్‌లో చెవి పరీక్ష చూశావా? అదే. వినపడినప్పుడు వేలెత్తు. ఆగితే దించు. అబద్ధం ఆడకు.”

రెన్ పాడింది, ఆయన తల ఆడించారు, అది కాదన్నట్టు. తర్వాత పైనుంచి ఆ సన్నని కూత. వేలెత్తాను. దించాను. ఎత్తాను. ఆయన అరచేయి చెవి వెనక పెట్టుకున్నారు. నేను మళ్ళీ ఎత్తాను. ఆయన చూపు నా వేలి మీదే ఉంది. ఎన్ని వందల మంది ఎదురుగా కూర్చుని ఆయన ముఖంలో తమ గుండె సంగతి వెతుక్కున్నారో. ఆ ఉదయం ఆయన నా వేలిలో తన సంగతి వెతుక్కున్నారు. ఐదారుసార్లు అయ్యాక చెయ్యి చెవి దగ్గర నుంచి తీసేశారు.

“ఎక్కడ? చూపించు.”

చూపించాను. అంత ఎత్తు చెట్టులో ఆ పిట్టను చెవి చెప్పకుండా కన్ను పట్టలేదు. ఆయన బైనాక్యులర్ ఎత్తి నా వేలి దారిలో కొమ్మ కొమ్మా ఎక్కుతూ పోయారు. చాలాసేపు. చివళ్ళలో ఒక రెమ్మ ఊగింది. ఆయన ఊపిరి ఆగడం నాకు తెలిసింది.

“గీత,” అన్నారు. “పసుపు గీత. ఇంకోటి. అదిగో, ఇంకోటి.” బైనాక్యులర్ దించలేదు. “ఉన్నాయయ్యా. ఎక్కడికీ పోలేదు.”

ఆయన బాధపడతారని నేను అంత భయపడ్డాను. ఆ గొంతులో ఉన్నది బాధ కాదు. నాలుగేళ్ళుగా చచ్చిపోయారనుకున్నవాళ్ళు వీధిలో ఎదురైతే మనిషి గొంతు అలా ఉంటుందేమో. తన చెవులు పోయాయన్న సంగతి ఆయనకు రెండో వార్త. మొదటి వార్త పిట్టలు ఉన్నాయన్నది.

మాను మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచాక గానీ నా చీవాట్ల వంతు రాలేదు.

“మీ ఆంటీకి చెప్పావా?”

“లేదంకుల్.”

“చెప్పకు. మూడేళ్ళుగా అదే పాట పాడుతోంది. తను గెలిచినట్టవుతుంది.” కాసేపు తిన్నారు. “నా మీద గౌరవంతో తొమ్మిది పిట్టల్ని నా నోట్లో పెట్టావు. అదే గౌరవం ఇంకో రెండేళ్ళు ఉంటే గరుత్మంతుణ్ణి కూడా దించేవాడివి ఈ చెట్టు మీదికి.”

“సారీ అంకుల్. చెరిపేస్తాను.” పెన్సిల్ వెనక రబ్బరు ఉంది.

“ఆ రబ్బరు ముట్టుకున్నావంటే చూడు. పేషెంట్ చార్టులో ఎవడూ చెరపడు. తప్పు మీద ఒక్క గీత కొట్టు, కింద ఉన్నది కనపడాలి. పక్కన నీ పొడి సంతకం, ఇవాళ్టి తేదీ, కారణం.”

ఆయన జేబులోంచి తీసిన ఆనాటి ఫారం మీద గీతలు కొట్టాను. ‘రికార్డర్ విన్నవి, కౌంటర్ విన్నవి కావు’ అని రాశాను. ఆ ఫారం ఇప్పటికీ రిజర్వ్ ఫైల్లో ఉంది. నా తప్పు ఎవరికి కావాలన్నా చదువుకోవచ్చు. ఆ రోజు సిగ్గేసింది. ఇప్పుడు ఆ గీతలు ఉండడం మంచిదే అనిపిస్తుంది. తప్పును దాచకుండా దిద్దడం నాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు.

ఆ మధ్యాహ్నమే ఆయన మేనేజర్ ఆఫీసుకి వెళ్ళి బోర్డు ఆపించారు. నేను పక్కనే ఉన్నాను. ఇంగ్లిష్‌లో ఒకే వాక్యం చెప్పారు: పక్షులు క్షేమం, తగ్గింది నా వినికిడి. మేనేజర్ ఒక క్షణం ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, పాత లెక్కలు సరిచేయడానికి ఎంత సమయం కావాలని మాత్రమే అడిగారు.

వేసవిలో నాలుగు ఆదివారాలు పట్టింది. ఆయన చెవి పరీక్ష చేయించుకుని ఆ గ్రాఫ్ తెచ్చారు. ఎడమ పక్క మంద్ర స్వరాల దగ్గర గీత సమంగా బాగుంది; కుడి పక్కకు వచ్చేసరికి లోయలోకి జారినట్టు పడిపోయింది. దాని మీద నేను ఒక్కొక్క పక్షి గొంతు ఎక్కడ పడుతుందో గుర్తులు పెట్టాను. లోయలో పడినవి నాలుగు పక్షులు. డైనింగ్ టేబుల్ మీద నోటుబుక్‌లు పరుచుకుని, ఆ నాలుగిటి వరుసల్లో, లెక్క పడిపోవడం మొదలైన ఏడు నుంచి అంకెలన్నిటి మీదా ఒక్కొక్క గీత కొట్టుకుంటూ వచ్చారు. తన చేత్తో తనే. సున్నాల దగ్గరకు వచ్చాక ఆగి అన్నారు, “సున్నా అంటే లేవని. ఇవి సున్నాలు కావు. నాకు తెలియదని రాయాలి.” డేటా ఉద్యోగంలో నేను రోజూ చూసుకునే తేడా అది. దాన్ని అంత కష్టపడి రాసిన వాళ్ళను నేను చూడలేదు.

ఆంటీ కాఫీ తెచ్చి చెవి గ్రాఫ్ వైపు చూశారు. పక్కన కొత్త థర్మామీటర్ పెట్టారు. పీ పీ అనకుండా తెర మీద లైటు వెలిగే రకం.

పోయిన వసంతంలో ఫారం అడుగున సంతకాలు చోట్లు మార్చుకున్నాయి. కొత్త కౌంటర్ అని పైన పెద్దగా రాయించి మరీ మొదలుపెట్టారు అంకుల్. కొలబద్ద మారిందని అందరికీ తెలియాలి కదా. ఆయన చెవులకు ఇప్పుడు మెషిన్లు ఉన్నాయి. మనుషుల కోసమట. అడవిలో వానా ఆకులూ ఒకే గోల చేస్తాయని తీసి జేబులో వేసుకుంటారు. నా పక్కన పెన్సిల్ పట్టుకుని నిలబడతారు. నేను పెదవులు కదిపి వేళ్ళు చూపుతాను. ఐదు నిమిషాలు కాగానే నా మోచేయి తాకుతారు.

మూడో పాయింటు దగ్గర “కింగ్‌లెట్, ఐదు” అని చూపించాను. ఆయన రాశారు. ఆ అంకె మిగతా వాటికన్నా కొంచెం పెద్దగా ఉంది.

ఆరో పాయింటు దాటి ఏడో దానికి నడుస్తుంటే అన్నారు, “ఇందాక గ్రౌజ్ ఐదు నిమిషాలూ ఊదుతూనే ఉంది.” గ్రౌజ్ అంటే అడవికోడి లాంటి పక్షి. నేను ఏమీ వినలేదు.

“మరి చెప్పలేదేం అంకుల్?”

“రికార్డర్ మాట్లాడకూడదు.”

“కనీసం సైగ...”

“సైగా కూడదు. నియమం చదవలేదా?” ఫారం నా ముందు పెట్టారు. ఆరో గడిలో గ్రౌజ్ వరుస ఖాళీగా ఉంది.

ఎనిమిదో పాయింటు అయ్యాక, లెక్క ముగిశాక, నన్ను వెనక్కి ఆరో పాయింటుకి తీసుకెళ్ళారు. రానూపోనూ నలభై నిమిషాల దారి, కర్ర సాయంతో, డెబ్బై తొమ్మిదేళ్ళ మోకాళ్ళతో. చెట్టు మొదట్లో నిలబెట్టి, “ఊపిరి బిగబట్టు. పైన వెతక్కు. ఇక్కడ విను,” అని నా ఛాతీ మీద రెండు వేళ్ళతో తట్టారు. కాసేపు వాన చుక్కలు. తర్వాత ఖాళీ సీసా మూతి మీద ఎవరో ఊదినట్టు, చెవికి అందీ అందనట్టు, ఐదారు దెబ్బలు. ఆగి, మళ్ళీ.

వేలెత్తాను.

ఆయన తల ఊపి, ఫారం మడిచి జేబులో పెట్టుకున్నారు. అందులో ఏమీ మార్చలేదు.